గలీసియా: గ్రామం నిలిపిన భాష – భౌగోళిక, చారిత్రక, సాంస్కృతిక పరిశీలన

ఉపోద్ఘాతం

స్పెయిన్ దేశపు వాయవ్య మూలన, పోర్చుగల్‌కు ఉత్తరాన, అట్లాంటిక్ మహాసముద్రానికి అభిముఖంగా ఉన్న ప్రాంతం గలీసియా. మధ్యయుగంలో ఐబీరియా ద్వీపకల్పపు రాజులు సైతం పాట కట్టడానికి ఎన్నుకున్న భాష ఈ ప్రాంతానిది. ఆ తరువాత సుమారు మూడు శతాబ్దాలపాటు ఆ భాషలో గ్రంథరచన దాదాపుగా నిలిచిపోయింది. రాజాస్థానం, న్యాయస్థానం, చర్చి, పాఠశాల విడిచిపెట్టినా భాష మాత్రం నశించలేదు. దానికి ఆశ్రయమిచ్చింది ఏది? గలీసియా ప్రజలను పేదరికంలో ఉంచిన భూస్వరూపం, కమతాల వ్యవస్థే వారి భాషను కాపాడాయనీ, ఆ పేదరికం నుంచి పుట్టిన వలసలు భాషోద్యమానికి ఆసరాగా నిలిచాయనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

భౌగోళిక స్వరూపం – జనావాసాలు

ఆ కొరూన్యా, లూగో, ఔరెన్సె, పోంతెవేద్ర అనే నాలుగు జిల్లాలతో కూడిన గలీసియా వైశాల్యం సుమారు 29,570 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 27 లక్షలు. రాజధాని సాంతియాగో దె కొంపొస్తేలా. సముద్రమట్టం పెరిగి నదీలోయలు మునిగినందువల్ల ఏర్పడిన పొడవైన సాగరశాఖలు ఈ తీరపు ప్రత్యేకత. వీటిని స్థానికంగా ‘రీయా’లంటారు. చేపల వేట, ఆల్చిప్పల పెంపకం ఈ తీరవాసుల జీవనాధారాలు. లోపలి భాగమంతా నల్లసేనపు రాతి కొండలు, వానలు, పచ్చిక బయళ్లు.

ఈ నేలపై జనం పెద్ద ఊళ్లుగా గుమిగూడలేదు. 30 వేలకు పైగా చిన్న చిన్న జనావాసాలుగా చెదిరి ఉన్నారు. ఒక చర్చి చుట్టూ ఉన్న పల్లెల సముదాయమైన ‘పారిష్’ వారి సామాజిక జీవనానికి కేంద్రం. వారసుల మధ్య పంపకాలతో పొలాలు తరతరానికీ ముక్కలయ్యాయి. పైగా ‘ఫోరో’ అనే దీర్ఘకాలిక కౌలు పద్ధతిలో భూమి మఠాలదో ప్రభువులదో అయి ఉండేది. మధ్యలో చిన్న దొరలు చేరి పైకౌలు వసూలు చేసుకునేవారు. 17వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కజొన్న వ్యాపించింది. ఎలుకలు ఎక్కకుండా స్తంభాలమీద బల్లపరుపు రాళ్లు పరచి, వాటిపై కట్టిన ‘ఓర్రెయో’ అనే ధాన్యపు కొట్లు నేటికీ ప్రతి పల్లెలో కనిపిస్తాయి. తన పారిష్ దాటనవసరం లేని రైతుకు పరాయి భాష అవసరం కూడా కలగలేదు.

రోమనుల కాలం నుంచి సాంతియాగో వరకు

కొండశిఖరాలపై వృత్తాకార రాతి ఇళ్లతో కట్టుకున్న ‘కాస్త్రో’లు ఇక్కడి ప్రాచీన నివాసాలు. రోమనులు ఈ దేశాన్ని ‘గల్లేకియా’ అన్నారు. వారు 3వ శతాబ్దంలో కట్టిన లూగో నగర ప్రాకారం నేటికీ చెక్కుచెదరలేదు. 5వ శతాబ్దంలో సువేబులు ఇక్కడ రాజ్యం స్థాపించగా, 585లో విసిగోతులు దాన్ని జయించారు. 9వ శతాబ్దంలో క్రీస్తు శిష్యుడైన సెయింట్ జేమ్స్ సమాధి బయటపడిందన్న విశ్వాసం సాంతియాగోను యూరప్‌లోని మహాతీర్థాలలో ఒకటిగా మార్చింది. 1075లో నేటి కథీడ్రల్ నిర్మాణం మొదలైంది. ఈ యాత్రామార్గాన భక్తులతోపాటు శిల్పులు, వర్తకులు, గాయకులు వచ్చారు. దక్షిణ ఫ్రాన్స్ ప్రేమకవిత్వపు రీతులు ఐబీరియాకు చేరిన దారుల్లో ఇదొకటి.

గీతకవిత్వ వైభవం

12వ శతాబ్దం చివరి నుంచి 14వ శతాబ్దం మధ్య వరకు వర్ధిల్లిన గలీసియన్–పోర్చుగీసు గీతకవిత్వంలో సుమారు 1,680 లౌకిక గీతాలు మూడు ప్రధాన సంకలనాలలో లభిస్తున్నాయి. ఇవి ప్రేమగీతాలు, ప్రియునిగూర్చిన గీతాలు, అధిక్షేప గీతాలు అని మూడు విధాలు. వీటిలో రెండవది ఈ నేల సొంత సొత్తు. రచయిత పురుషుడు, గొంతు యువతిది. సముద్రపు అలలతోనో తల్లితోనో చెలికత్తెతోనో ఆమె తన విరహాన్ని చెప్పుకుంటుంది. స్వల్ప మార్పులతో చరణాలు పునరావృతం కావడం ఈ గీతాల నిర్మాణసూత్రం. మార్తిన్ కొదాక్స్ రాసిన ఏడు గీతాల తోలుప్రతి 1914లో ఒక పాత గ్రంథపు అట్టలో బయటపడింది. వాటిలో ఆరింటికి స్వరలిపి కూడా ఉంది.

కాస్టిల్ రాజు పదవ అల్ఫోన్సో (1221–1284) ఉదాహరణ ఇక్కడ గమనార్హం. ధర్మశాస్త్రం, చరిత్ర, ఖగోళం కాస్టిలియన్‌లో రాయించిన ఈ రాజు, మేరీమాత మహిమలను కీర్తించే 400కు పైగా గీతాలను గలీసియన్‌లో కూర్పించాడు. పాలన ఒక భాషలో, పాట మరొక భాషలో అన్న ఈ విభజన, ఆస్థానాల అభిరుచి మారగానే గలీసియన్ భాష ఎందుకు నిరాధారమయిందో ముందుగానే సూచిస్తున్నది.

చీకటి శతాబ్దాలు

1143 నాటికి పోర్చుగల్ వేరు రాజ్యమయింది. ఒకే భాష మీన్యో నదికి దక్షిణాన రాజభాషగా ఎదిగి, ఉత్తరాన కాస్టిల్ ఏలుబడిలో గ్రామాలకు పరిమితమయింది. 1467–69లో ‘ఇర్మాందీన్యో’ తిరుగుబాటుదారులు ప్రభువుల కోటలను కూల్చారు గాని, అధికారం తిరిగి ప్రభువులకే దక్కింది. క్రమంగా ఉన్నతోద్యోగాలు, మతాధికార పదవులు కాస్టిల్ వారి చేతుల్లోకి వెళ్లాయి. 16 నుంచి 18వ శతాబ్దం వరకు ఉన్న ఈ దశను సాహిత్య చరిత్రకారులు ‘చీకటి శతాబ్దాలు’ అన్నారు. అయితే ఈ పేరు రాతకే వర్తిస్తుంది. పాట, సామెత, కథ, పొలం పని, పెళ్లి, చావు అన్నీ గలీసియన్‌లోనే సాగాయి. 18వ శతాబ్దంలో మార్తిన్ సర్మియెంతో అనే సన్యాసి ప్రజల నోటి మాటలను సేకరించి ఆ సంపద విలువను గుర్తించాడు.

వలస – పునరుజ్జీవనం

కమతాలు చాలక, 1853–54 నాటి కరవు తోడై, వేలాది మంది క్యూబా, అర్జెంటీనాలకు ఓడలెక్కారు. అర్జెంటీనాలో ఏ స్పెయిన్ దేశస్థుణ్ణయినా ‘గల్యేగో’ అనే పిలిచేంతగా వలస సాగింది. రొసలీయా దె కాస్త్రో (1837–1885) తన ‘కంతారెస్ గల్యేగోస్’ (1863) గ్రంథాన్ని జానపదగీతాల పల్లవులపై నిర్మించింది. వ్యాకరణం చదవకుండా రాశానని పీఠికలో ఆమే చెప్పుకున్నది. ‘ఫొల్యాస్ నోవాస్’ (1880)లోని ఒక భాగానికి ఆమె పెట్టిన పేరుకు ‘బ్రతికున్నవారి విధవలు, చనిపోయినవారి విధవలు’ అని అర్థం. భర్త సముద్రం అవతల ఉండగా పొలం దున్ని, పిల్లలను పెంచి, వారికి భాషను అందించిన స్త్రీల చరిత్ర ఆ శీర్షికలో ఇమిడి ఉంది.

వెళ్లినవారూ భాషను మరువలేదు. హవానాలోని వలసజీవుల తోడ్పాటుతో 1906లో గలీసియన్ అకాడమీ ఏర్పడింది. ఎదువార్దో పొందాల్ పదాలకు పస్క్వాల్ వేగా స్వరపరచిన ప్రాంతీయగీతాన్ని 1907లో మొదట ఆలపించింది కూడా హవానాలోనే. 1916లో ‘ఇర్మాందాదెస్ దా ఫాలా’ అనే భాషా సంఘాలు, 1920లో ‘నోస్’ పత్రిక వెలిశాయి. 1936 జూన్ 28న స్వయంప్రతిపత్తి శాసనాన్ని ప్రజలు ఓటుతో ఆమోదించారు. మూడు వారాలు తిరగకముందే అంతర్యుద్ధం మొదలై అది అమలుకు రాలేదు. ఆ యుద్ధంలో గెలిచి నియంత అయిన ఫ్రాంకో గలీసియాలోని ఫెర్రోల్‌లో పుట్టినవాడే. ప్రవాసంలోని కస్తెలావ్ తన ‘సెంప్రె ఎన్ గలీసా’ను 1944లో బ్యూనస్ ఎయిరెస్‌లో ప్రచురించాడు. 1963లో రొసలీయా గ్రంథ శతజయంతి సందర్భంగా మే 17 గలీసియన్ సాహిత్య దినోత్సవమయింది.

ముగింపు

1978 రాజ్యాంగం, 1981 స్వయంప్రతిపత్తి శాసనం, 1983 భాషా చట్టం గలీసియన్‌కు అధికార హోదాను, బడిలో స్థానాన్ని ఇచ్చాయి. అయితే ఈ హోదా వచ్చేనాటికే లోపలి పల్లెలు ఖాళీ అవుతూ, జనం తీర నగరాలకు తరలుతున్నారు. నేడు గలీసియన్ వృద్ధులలో, గ్రామాలలో బలంగాను, నగరాల పిల్లలలో బలహీనంగాను ఉంది. చీకటి శతాబ్దాలలో రాత లేకున్నా తల్లి నుంచి బిడ్డకు మాట అందింది. ఇప్పుడు రాత, చట్టం, బడి అన్నీ ఉన్నా ఆ అందింపు సడలుతున్నది. శాసనం భాషకు గౌరవాన్ని ఇవ్వగలదు. ఇంట్లో, పనిలో ఆ భాష అవసరమయ్యే జీవనాన్ని మాత్రం అది ఒక్కటే సృష్టించలేదని గలీసియా చరిత్ర నిరూపిస్తున్నది.