బొమ్మ రైలు వేగానికి కళ్లెం

విద్యుత్తుతో నడిచే రైలు తొలిరోజులలో బొమ్మగానే కనిపించింది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో థామస్ డావెన్‌పోర్ట్ అనే కమ్మరి, తాను తయారుచేసిన విద్యుత్ మోటారును అమర్చి, గుండ్రని పట్టాలమీద తిరిగే చిన్న బండిని 1835 ప్రాంతంలో నడిపించాడు. బెర్లిన్ ప్రదర్శనలో సందర్శకులను ఎక్కించుకొని తిరిగిన సీమెన్స్ విద్యుత్ రైలు 1879 నాటిది. బండిని కదిలించడం అంత కష్టం కాలేదు. దానిని నెమ్మదిగా, కుదుపు లేకుండా నడపడం మాత్రం బొమ్మరైళ్ల అభిమానులను చాలాకాలం సతాయించింది. ఆ చిక్కును విప్పినవారిలో పెద్ద కర్మాగారాలవారికంటె ఇంట్లో బల్లమీద తీగలు అతుక్కొనేవారే ముందున్నారనిపిస్తుంది.

జర్మనీలోని మేర్‌క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో ప్రదర్శించిన రైళ్లు, గడియారంవలె తాళం చెవితో స్ప్రింగు బిగిస్తే నడిచేవి. వాటికి వేగనియంత్రణ అన్న మాటే లేదు. స్ప్రింగు బిగువుగా ఉన్నంతసేపు పరుగు, సడలితే ఆగుట. న్యూయార్కులో 1900లో మొదలైన లయొనెల్ సంస్థ విద్యుత్ రైళ్లను ప్రచారంలోకి తెచ్చింది. ఆ కాలంలోనే ఐరోపాలో కొన్ని బొమ్మరైళ్లను, నడుమ ఒక దీపాన్ని నిరోధంగా పెట్టి, నేరుగా ఇంటి కరెంటుకు తగిలించేవారు. పిల్లవాడు చేతితో తాకే పట్టాలలో ఇంటి కరెంటు! ఇప్పుడు తలచుకొంటే ఒళ్లు జలదరిస్తుంది. తరువాత ట్రాన్స్‌ఫార్మర్ వచ్చి, పట్టాలమీది వోల్టేజిని ఇరవై వోల్టులకు, అటుపైన పన్నెండుకు దించింది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత, రెండు పట్టాలలో పన్నెండు వోల్టుల ఏకముఖ విద్యుత్తు పంపే పద్ధతి చాలా దేశాలలో స్థిరపడింది. వేగం తగ్గించడానికి ఇంజనుతో శ్రేణిలో ఒక చరనిరోధకాన్ని, అనగా రియోస్టాట్‌ను, పెట్టేవారు. ఇది చూడడానికి సబబుగానే ఉంటుంది. లోపమేమిటో చిన్న లెక్కతో తెలుస్తుంది. రియోస్టాట్ నిరోధం 30 ఓములనుకొందాం. ఇంజను 0.2 ఆంపియరు తీసుకొంటే రియోస్టాట్‌లో 6 వోల్టులు పోయి, ఇంజనుకు 6 వోల్టులు మిగులుతాయి. బండి ఎత్తు ఎక్కుతూ 0.3 ఆంపియరు తీసుకోవలసివస్తే రియోస్టాట్‌లో 9 పోయి, ఇంజనుకు దక్కేవి 3 వోల్టులే. సరిగ్గా బలం కావలసిన చోటనే బలం తగ్గిపోతుంది! అందుచేత బండి ఆగిపోతుంది. మీట కొంచెం జరిపితే ఉన్నట్టుండి ఉరుకుతుంది.

ఈ ఉరుకు ఎందుకంత బాధ కలిగించేదో తెలియాలంటే కొలతలు చూడాలి. అసలు రైలును 87వ వంతుకు తగ్గించిన నమూనాలు విరివిగా వాడుకలో ఉన్నవి. గంటకు 8.7 కిలోమీటర్ల వేగంతో ప్లాట్‌ఫారంలోకి వచ్చే బండి, నమూనాలో సెకనుకు మూడు సెంటీమీటర్లకన్న తక్కువగా పాకాలి. కుందేలు గంతు వేస్తే ఆ భ్రమ అంతా చెడుతుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో ఏర్పడిన నమూనా రైళ్ల సంఘం ఈ చరిత్రలో విడిగా చెప్పుకోదగ్గది. పట్టాలపైన కొండలు, ఊళ్లు తీర్చేవారు కొందరు. బల్లకింద దూరి తీగలు, టెలిఫోన్ రిలేలు కలిపేవారు మరికొందరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒక పిలుపును ఒక తీగకు ఎలా కలుపుతారో, అలాగే ఒక చోదకుని మీటను పట్టాలలో అతనికి కావలసిన భాగానికి కలిపే ఏర్పాటు వారిది. అలా అనేకులు ఒకేసారి తమ తమ బండ్లను నడిపేవారు. చమత్కారమైన పనితనానికి ‘హాక్’ అనే మాటను ఈ కుర్రవారు వాడేవారు. తరువాత కంప్యూటర్ల గదిలోకి చేరి, 1962 నాటి ‘స్పేస్‌వార్’ ఆటకు రూపం ఇచ్చినవారిలో ఈ సంఘసభ్యులున్నారు.

బెల్ ప్రయోగశాలలో 1947 డిసెంబరులో పుట్టిన ట్రాన్సిస్టర్, ఎక్కువ ప్రవాహాన్ని భరించే రూపంలో బజారుకు రావడానికి కొన్నేళ్లు పట్టింది. రాగానే బొమ్మరైళ్లవారు దానిని అందుకొన్నారు. ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికకు 1961 నుండి 1977 వరకు సంపాదకుడైన లిన్ వెస్ట్‌కాట్, ఇంట్లో కట్టుకోదగిన ట్రాన్సిస్టర్ నియంత్రకాల వలయాలను పాఠకులకు అందించాడు.

వాటి సూత్రం సులభమైనదే. ట్రాన్సిస్టర్ ఆధారానికి ఒక చిన్న పొటెన్షియోమీటర్‌తో మనకు కావలసిన వోల్టేజి ఇస్తాం. ఉద్గారకం దానికన్న సుమారు 0.7 వోల్టు తక్కువలో నిలిచి ఇంజనుకు విద్యుత్తు ఇస్తుంది. ఇంజను ఎక్కువ ప్రవాహం లాగినా ఆ వోల్టేజి పెద్దగా మారదు. రియోస్టాట్‌లో ఉన్న జబ్బు ఇక్కడ కుదిరినట్లే. ప్రవాహాన్ని యాభై రెట్లు పెంచే ట్రాన్సిస్టర్ అయితే, అర ఆంపియరు ఇంజనును పది మిల్లీ ఆంపియర్లు శాసిస్తాయి.

కాని ఇందులో ఒక గండం ఉంది. బండి పట్టాలు తప్పినప్పుడు ఇనుప చక్రం రెండు పట్టాలనూ కలిపివేస్తుంది. రియోస్టాట్ అయితే వేడెక్కి ఊరుకొనేది. ట్రాన్సిస్టర్‌కు అంత ఓపిక లేదు. మామూలుగా 16 వోల్టుల సరఫరాలో ఇంజనుకు 6 వోల్టులు, అర ఆంపియరు ఇస్తున్నప్పుడు ట్రాన్సిస్టర్‌లో పుట్టే వేడి 5 వాట్లు. పట్టాలు కలిసి 3 ఆంపియర్లు పారితే 48 వాట్లు. ఫ్యూజు కరిగేలోపల ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. ఖరీదు పెట్టి కొన్న వస్తువు, పిల్లవాడి మోచేయి తగిలి బండి పడినందుకు బూడిద! దీనికి ఉపాయం పొదుపైనది: దారిలో 0.6 ఓము నిరోధకం పెడితే, ప్రవాహం ఒక ఆంపియరు చేరేసరికి దానిపై 0.6 వోల్టు వస్తుంది. ఆ వోల్టేజి రెండవ ట్రాన్సిస్టర్‌ను మేల్కొలిపి, మొదటిదాని ఆధారాన్ని అణచివేస్తుంది. ఆర్.సి.ఎ. సంస్థ తెచ్చిన 2ఎన్3055 వంటి గట్టి సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చాక ఈ బెంగ ఇంకా తగ్గింది. అయినా దానిని అల్యూమినియం రేకుకు బిగించక తప్పదు.

అసలు రైలుకు బరువు వల్ల జడత్వం ఉంటుంది. బొమ్మకు అది లేదు. ఆధారం వద్ద ఒక కెపాసిటర్ పెట్టి ఆ జడత్వాన్ని నటింపజేశారు. వెయ్యి మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను పదివేల ఓముల ద్వారా నింపితే, పది సెకన్లకు వోల్టేజి మూడింట రెండు వంతులకు చేరువవుతుంది. అంత పెద్ద నిరోధకంగుండా చాలినంత ఆధార ప్రవాహం రాదు గనుక రెండు ట్రాన్సిస్టర్లను ఒకదాని వెనుక ఒకటి కట్టాలి. అప్పుడు మీట ఒక్కసారి తిప్పినా బండి బరువుగా కదిలి, మెల్లగా ఊపందుకొంటుంది.

మరొక దారి తునకలుగా విద్యుత్తునివ్వడం. నిలిచి ఉన్న మోటారు ఘర్షణను దాటడానికి ఒక తోపు కావాలి. పూర్తి వోల్టేజిని క్షణికంగా ఇచ్చి ఆపుతూ, ఇచ్చే కాలాన్ని హెచ్చుతగ్గులు చేస్తే సగటు వోల్టేజి మారుతుంది. తోపు మాత్రం తగ్గదు. సిగ్నెటిక్స్ సంస్థకోసం హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన 555 టైమరు 1972లో వచ్చాక ఇది చవకైన పని అయింది. అయితే తునకలు మరీ నిదానమైతే మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. ఇనుప గర్భం లేని సున్నితమైన మోటార్లకు అది పడదు. రెండు తునకల నడుమ మోటారు తానే జనరేటరుగా పుట్టించే వ్యతిరేక వోల్టేజిని కొలిచి, అసలు వేగమెంతో తెలుసుకొనే నియంత్రకాలు కూడా వచ్చాయి. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్న తెలివైన అడుగు ఇదే.

ఒకే పట్టామీద రెండు ఇంజన్లను వేరువేరుగా నడపాలంటే పట్టాల వోల్టేజిని మార్చి లాభం లేదు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1963లో ‘ఆస్ట్రాక్’ పేరుతో అయిదు బండ్లకు వేరువేరు పౌనఃపున్యాల సంకేతాలు పంపే పరికరం అమ్మింది. అది ఎంతోకాలం నిలవలేదు. 1980 ప్రాంతంలో హార్న్‌బీ సంస్థ ‘జీరో 1’ పదహారు ఇంజన్లను నడిపింది. కాని ఒకరి పెట్టె మరొకరి ఇంజనుకు పనికిరాదు. సంస్థ ఆ సరుకు మానివేస్తే కొన్నవాడు దిక్కులేనివాడే. అమెరికాలోని జాతీయ నమూనా రైళ్ల సంఘం 1990ల దశకం మొదటి భాగంలో, జర్మనీలోని లెంజ్ సంస్థ పద్ధతిని ఆధారంగా తీసుకొని, అందరికీ ఒకే ప్రమాణాన్ని ప్రకటించింది. ఆ ప్రమాణం ప్రకారం పట్టాలలోని విద్యుత్తు నిరంతరం దిశ మారుతూ ఉంటుంది: 58 మైక్రోసెకన్లకు మారితే ‘ఒకటి’, 100 గాని అంతకు మించి గాని పడితే ‘సున్న’. ఈ అంకెల వరుసలో తన పేరు విన్న ఇంజనే ఆజ్ఞ పాటిస్తుంది. కొలతలు బహిరంగంగా ఉన్నవి గనుక, 2005లో వచ్చిన ఆర్డునో వంటి చిన్న పలకతో ఈ సంకేతాన్ని ఇంట్లోనే పుట్టించి, ఏ సంస్థ చేసిన ఇంజనునైనా నడుపుతున్నవారున్నారు.