పిడికెడు బియ్యంతో నిలిచిన సంఘం

మన సంఘం జూబిలీ సంచికకు సంఘచరిత్ర రాసిపెట్టమని కమిటీ పెద్దలు నన్ను అడిగి, మినిట్స్ పుస్తకాలు, కానుకల లెక్కలు, బాప్తిస్మాల రిజిస్టరు నా ఇంటికి పంపించారు. అన్నీ చదివాను. గుడి గోడలు ఎప్పుడు లేచాయో, పెంకు తీసి స్లాబు ఎప్పుడు వేశారో అందులో ఉంది. ఆ గోడలు లేపిన ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో, రాత్రి ప్రార్థన ఎలా జరిగిందో లేదు. ఈ ఊళ్లోనే పుట్టి, ఇక్కడి బడిలోనే పంతులమ్మగా పనిచేసి, స్త్రీల సమాజంలో జుట్టు నెరిసినదాన్ని గనుక నాకు తెలిసిన ఆ భాగాన్నే ఎక్కువగా రాస్తున్నాను.

మొదటి రోజులు

మన ప్రాంతానికి సువార్త ఒకే దారిన రాలేదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు నరసాపురం వైపు పని మొదలుపెట్టారు. ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ వారు, రాజమండ్రి వైపు లూథరన్ మిషన్ వారు పనిచేశారు. మన కొల్లేటి సరస్సు గట్టుకు వచ్చింది మాత్రం కెనడా బాప్టిస్టులు. ఆ పనికి కూడా దారి వేసింది తెలుగువాడే. తంతి శాఖలో ఉద్యోగం వదులుకుని కాకినాడలో సువార్త ప్రకటించిన థామస్ గాబ్రియేలు గారు పిలిస్తేనే 1874లో మెక్లారిన్ దొరగారు కాకినాడ వచ్చి ఆ పని అందుకున్నారు. 1880లో జాన్ క్రెయిగ్ దొరగారు ఆకివీడులో మిషన్ స్టేషను పెట్టారు. తరవాత ఆయన తన మిషన్ చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాసి 1908లో అచ్చు వేయించారు. ఆ కాలపు కాగితాల్లో మన ఆకివీడు పేరు ‘ఆకిడు’ అని కనిపిస్తుంది.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఆ నీటితో పాటు కాలువలూ వచ్చాయి. రోడ్లు లేని ఆ రోజుల్లో మిషన్ పడవ కాలువల మీదనే ఊరూరూ తిరిగింది. ఒంగోలు వైపు 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని చరిత్రలో ఉంది. మన ఊళ్లో అలాంటి రోజు లేదు. ఒక ఇల్లు, ఆ ఇంటి ఆడపడుచు అత్తవారిల్లు, ఆ పక్కిల్లు, విశ్వాసం అలా వచ్చింది. మొదట వచ్చినవారు మాలపల్లె, మాదిగపల్లెవారే. ఊరి బావి దగ్గర చేద వేయనివ్వని రోజుల్లో, ఒకే చాప మీద కూర్చుని ఒకే రొట్టె విరుచుకోవడం వాళ్లకు ఎంత పెద్ద సంగతో ఈ తరం పిల్లలు తలుచుకోవాలి.

ఆకివీడు మిషన్ ఆసుపత్రి, మనవాళ్లందరూ ‘స్టార్ ఆఫ్ హోప్’ అనే ఆసుపత్రి, డాక్టర్ పెర్ల్ ఛూట్ దొరసాని గారి చేతి చలవ. భర్త ఛూట్ దొరగారు ఊళ్లు తిరిగి బోధిస్తుంటే ఆమె ఆడవాళ్లకు పురుళ్లు పోశారు. ప్రాణం మీదికి వచ్చిన బాలింతను దోనెలో పడుకోబెట్టి ఆకివీడు చేర్చేవారని మా నాయనమ్మ చెప్పేది. మతం ఏదైనా, కులం ఏదైనా ఆ గుమ్మంలో అడగలేదనే మాట ఈ చుట్టుపక్కల పెద్దల నోట ఇప్పటికీ వినవచ్చు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బాప్టిస్టులు అందులో కలవలేదు. కెనడా మిషన్ సంఘాలన్నీ సి.బి.సి.ఎన్.సి. (కన్వెన్షన్ ఆఫ్ బాప్టిస్ట్ చర్చెస్ ఆఫ్ నార్దర్న్ సర్కార్స్) కింద నడిచాయి. ఆపై కొన్ని దశాబ్దాలు పాస్టర్లు మారడం, పెంకులు మార్చడం తప్ప మినిట్స్‌లో చెప్పదగ్గ విశేషం లేదు.

మా బైబిలు స్త్రీ

నేను కళ్లారా చూసినవారిలో ఈ సంఘానికి పునాది అనదగ్గ మనిషి, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు వాక్యం నేర్పే ఒక బైబిలు స్త్రీ. తెల్లచీర, భుజాన గుడ్డసంచి, చేతిలో నల్లగొడుగు. చిన్నవయసులోనే భర్త పోయిన మనిషి. మిషన్ బడిలో నేర్చిన నాలుగు అక్షరాలను ఆమె తన దగ్గరే దాచుకోలేదు. నాట్లకు పోయే ఆడవాళ్లు సాయంత్రం ఇల్లు చేరి వంట చేసి, పిల్లలకు పెట్టి, చేతులు కడుక్కునేదాకా అరుగు మీద కాచుకుని కూర్చునేది. తరవాత లాంతరు ముందు పెట్టుకుని పెద్దబాలశిక్ష తెరిచేది. గుణింతాలు వచ్చాక లూకా సువార్త పట్టించేది. మా నాయనమ్మ మొదటిసారి తనంతట తాను కూడబలుక్కుని చదివింది ఆ సువార్తే.

ఆ చదువు ఇంట్లో కాపురం పద్ధతినే మార్చింది. రాత్రి అన్నాలయ్యాక మా ఇంట్లో ప్రార్థన లేకుండా చాప పరిచేవారు కాదు. తాతయ్య పాట ఎత్తుకుంటే నాయనమ్మ వాక్యం చదివేది, పిల్లలం ఒక్కొక్క వచనం అప్పజెప్పాలి. పగలు అత్తాకోడళ్లు మాట్లాడుకోకపోయినా రాత్రి ఒకరికోసం ఒకరు పేరు పెట్టి ప్రార్థించక తప్పదు. ఆ తప్పనిసరిలోనే చాలా తగవులు తెల్లారేలోపు తీరిపోయేవి. తాతయ్య కల్లు మానింది గుడిలో బోధ విని కాదు, ఇంట్లో ఆ ప్రార్థనకు సిగ్గుపడి. ఈ మాట ఆయనే సాక్ష్యంలో చెప్పాడు.

ఆదివారం పనికి పోకపోవడం ఆ రోజుల్లో చిన్న త్యాగం కాదు. నాట్ల కాలంలో ఒక రోజు కూలి పోతే ఒక రోజు గంజే. ‘ఆదివారం రానివాళ్లు సోమవారమూ రానక్కర్లేదు’ అన్న ఆసాములు ఉన్నారు. అయినా మన ఆడవాళ్లు ఆదివారం తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని గుడికి వచ్చారు. వాళ్లు నాటే వరస తిన్నగా ఉంటుందనీ, కోతలో పరిగె దాచుకోరనీ తెలిశాక ఆ ఆసాములే సోమవారం కబురు పెట్టారు. విశ్వాసం వాళ్ల చేతిపనిలో కనబడింది.

పిడికెడు బియ్యం

ఇంటి ఆడది ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేయడం మన తెలుగు సంఘాల్లో పాతకాలం నుంచి ఉన్న అలవాటు. మా చిన్నప్పుడది మట్టికుండ, తరవాత డాల్డా డబ్బా అయింది. ఇంట్లో మానెడు వండినా సోలెడు వండినా పిడికెడు మాత్రం తప్పేది కాదు. శనివారం సాయంత్రం స్త్రీల సమాజం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, గుడి వసారాలో కుంచంతో కొలిచేవారు. పాస్టరు అయ్యగారింటికి కొంత, ఇంట్లో ఆధారం లేని ముసలివాళ్లకు కొంత పోగా, మిగిలింది వేలం వేసి ఆ డబ్బు పెట్టెలో వేసేవారు. కోతపండుగకు మొదటి పనలు, గుమ్మడికాయలు, కోడిపెట్టలు, ఎండుచేపలు గుడి ముందు రాశి పడేవి. ఆ పండుగ ఏడాదికి ఒకసారి. పిడికెడు బియ్యం రోజూ రెండుపూటలా. ఈ సంఘం మొదటి గుడికి సున్నం, ఇటుక దాని నుంచే వచ్చాయని లెక్కల పుస్తకమే చెబుతోంది. ‘స్త్రీల సమాజం వారి బియ్యం సొమ్ము’ అని నెలనెలా ఒకే వాక్యం ఉంటుంది. ఆ స్త్రీల పేర్లు ఒక్కచోటా లేవు.

కొల్లేరు కష్టం

1970లలో ప్రభుత్వం మత్స్యకారులకు, దళితులకు సొసైటీలు పెట్టి కొల్లేటిలో చేపల చెరువులు ఇచ్చింది. తరవాత ఇరవై ఏళ్లలో కొల్లేటి చుట్టూ వరిచేలు కూడా చెరువులయ్యాయి. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో ఆకివీడు నుంచి కలకత్తా దాకా లారీల్లో పోయాయి. గట్టు మీద కాపలా, మేత వేయడం, వల లాగడం, పెట్టెలు కట్టడం, ఏదో ఒక పని ప్రతి ఇంటికీ దొరికింది. కానుకల పెట్టెలో నోట్లు పడ్డాయి. గుడికి స్లాబు వచ్చింది, మైకు వచ్చింది, పాలరాతి పలక వచ్చింది. డాల్డా డబ్బాలు అటక ఎక్కాయి.

1999లో కొల్లేటిని అయిదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లు పొక్లెయిన్లతో తవ్వారు, మందుగుండు పెట్టి పేల్చారు. కొల్లేరు బతకాలని మేమూ కోరుకున్నాం. చిన్నప్పుడు ఆ నీళ్లే తాగి పెరిగినవాళ్లం, అవి తాగడానికి పనికిరాకుండా పోయినందుకు బాధపడ్డవాళ్లం. కానీ గట్టు తెగిన మర్నాడు పనికి పిలిచేవాడు లేడు. సొసైటీ చెరువులో వాటా ఉన్నవాడు, దాని మీద కూలి చేసుకునేవాడు ఒకేసారి ఖాళీ చేతులతో మిగిలారు. అప్పుల వాళ్లు గుమ్మంలో కూర్చున్నారు. అయ్యగారికి జీతం ఇవ్వలేకపోయాం. ఆయన పిల్లల ఫీజు ఆగిపోయింది. గుడిలో కరెంటు బిల్లు కట్టలేక లాంతర్లు పెట్టుకుని ఆరాధన చేసిన ఆదివారాలు ఉన్నాయి.

అప్పుడు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక ముసలమ్మ లేచి నిలబడింది. ‘మన పొయ్యిలు ఇంకా ఆరలేదు గదా, పిడికెడు తీయలేమా?’ అంది. అంతే అంది. ఆ శనివారం నుంచే మళ్లీ కుంచం వసారాలోకి వచ్చింది. రేషను బియ్యంలో నుంచి తీసిన పిడికెడు అది. అయ్యగారి కుటుంబం పస్తు ఉండలేదు. పెద్దదిక్కు లేని ఇళ్లకూ, అప్పటికి గుడి మెట్టెక్కని ఇళ్లకు కూడా ఆ బియ్యం వెళ్లింది. సారెపతు విధవరాలి తొట్టిలో పిండి తరగలేదని మనం పిల్లలకు చెప్పే కథ ఆ ఏడు మా కళ్లముందు జరిగింది.

ఆ తరవాతే మన ఆడపిల్లలు కువైట్, దుబాయి, మస్కట్ విమానాలు ఎక్కారు. చంకబిడ్డను తల్లికి అప్పజెప్పి, అరబ్బు ఇళ్లలో పొద్దస్తమానం పనిచేసి, ఇక్కడి అప్పులు తీర్చారు. సెలవు దొరికిన శుక్రవారాల్లో అక్కడి తెలుగు సంఘాలకు వెళ్లి ప్రార్థించుకున్నారు. అక్కడి నుంచి దశమభాగం పంపారు. ఇవాళ మన గుడి మీద కనిపించే గోపురంలో ఎక్కువ భాగం ఆ డబ్బే.

సహాయకులు

దాతల, సేవకుల పూర్తి పేర్లు కమిటీ నిర్ణయం ప్రకారం చివరి పేజీల్లో అచ్చవుతున్నాయి గనుక ఇక్కడ చేసిన మేలును బట్టి స్మరించుకుంటున్నాను. గుడికి స్థలం విడిచిన కుటుంబం; క్రైస్తవులు కాకపోయినా మొదటి పాకకు తాటిదూలాలు ఇచ్చిన ఊరి రైతు; దోనెల్లో ఇటుక చేరవేసిన వడ్డి సోదరులు; కూలి తీసుకోకుండా గోడలు కట్టిన తాపీమేస్త్రీలు; గంట తెచ్చిన రైల్వే ఉద్యోగి; హార్మోనియం, తబలా ఇచ్చిన అన్నదమ్ములు; బల్లలు చేసిన వడ్రంగి; పెదకాపవరం, సిద్ధాపురం, దుంపగడప, కుప్పనపూడి నుంచి పండుగలకు కానుకలు పంపిన సంఘాలు; సండేస్కూలు నడిపిన ఉపాధ్యాయులు; చలిలో రాత్రంతా క్యారల్స్ పాడిన యువజనులు; వెదురుబద్దలతో, రంగుకాగితాలతో ఏటా క్రిస్మస్ నక్షత్రం కట్టిన చేతులు; సమాధులు తవ్విన సహోదరులు; ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి గుడి ఊడ్చిన తల్లి. వీరందరినీ దేవుడు దీవించుగాక.

చెప్పక తప్పని మాట

మన పిల్లల్లో చాలామందికి బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు. ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వాళ్లను బి.సి. ‘సి’లో పెట్టారు. గుడికి వచ్చినంతమాత్రాన పల్లె మారలేదు, అవమానం మారలేదు, సర్టిఫికెట్ మాత్రం మారింది. ఆ బాధ చట్టం చేసింది. ఇంకొకటి మాత్రం మన చేతులతో మనం చేసుకున్నది.

మన గుడి గోడకు ఉన్న పాలరాతి పలక మీద పేర్లన్నీ మగవారివే. గోపురానికి డబ్బు పంపింది కువైట్‌లో ఉన్న తల్లి అయితే, పలక మీద ఆమె భర్త పేరు చెక్కారు. కొందరికి ‘ఫలానావారి భార్య’ అన్న మాట కూడా దక్కలేదు. మా బైబిలు స్త్రీ జీతం పుస్తకంలో ఉంది, పేరు పలక మీద లేదు. ఇది ఎవరి మీదా కోపంతో రాయడం లేదు. ఆ పలక పక్కనే నిలబడి బియ్యం కొలిచిన ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని గనుక, ఆ బాధ నాకు తెలుసు గనుక రాస్తున్నాను.

లూకా ఎనిమిదో అధ్యాయంలో యేసుప్రభువుకు తమ ఆస్తితో ఉపచారం చేసిన స్త్రీల పేర్లు ఉన్నాయి: మగ్దలేనే మరియ, యోహన్న, సూసన్న. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక చివరి అధ్యాయంలో మొదటి పేరే ఫీబే. ఆ వెనకే ప్రిస్కిల్ల, మరియ, పెర్సిసు. మోసిన మనిషి పేరు రాయడం వాక్యానుసారమే గాని కొత్త పద్ధతి కాదు.

అందుకని జూబిలీ కమిటీకి నా మనవి రెండు. పాత పలక తీయనక్కర్లేదు, దాని పక్కనే ఇంకొకటి పెట్టించండి. మొదటి బైబిలు స్త్రీ దగ్గర నుంచి 2006లో బియ్యం తీసిన ఇల్లాళ్లు, గల్ఫ్ నుంచి దశమభాగం పంపిన తల్లుల దాకా పేర్లు మేము పోగుచేసి ఇస్తాం. బతికున్న ముసలమ్మలను అడిగి రాయడానికి ఇంకా సమయం ఉంది, ఎక్కువ లేదు. రెండోది, మధ్యలో మళ్లీ ఆగిపోయిన పిడికెడు బియ్యం ఈ జూబిలీ నుంచి తిరిగి మొదలుపెడదాం. ఈసారి డబ్బాలో వేసే వంతు ఇంటి మగవారు కూడా తీసుకోవాలి. పొద్దున్నే గుడి గంట వినేవాడు ఎసరు పొంగడం కూడా చూస్తే ఇంటిలో, సంఘంలో భక్తి ఒకటవుతుంది.