యాస పట్టుకున్న తెర పాటను ఎక్కడ వదిలేసింది?

2021 మార్చి 11న ‘జాతిరత్నాలు’ విడుదలయ్యాక జోగిపేట పేరు తెలుగునాట అందరి నోటా నలిగింది. సంగారెడ్డి జిల్లాలోని ఆ చిన్న పట్నంలో తండ్రిది లేడీస్ ఎంపోరియం. దుకాణం పేరుతోనే ఊరంతా పిలుస్తుంటే తట్టుకోలేక హైదరాబాద్ బయల్దేరతాడు కొడుకు. వెంట ఇద్దరు దోస్తులు. తెలంగాణ యాసను దశాబ్దాల పాటు విలన్లకూ హాస్యగాళ్లకూ అప్పగించిన పరిశ్రమలో ఈసారి అది హీరో నోట పలికింది. జనం నవ్వారు, నిజమే. ఆ నవ్వు యాసను చూసి కాదు, ఆ ముగ్గురి తెలివితేటలను చూసి.

పాట దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. రథన్ సంగీతంలో టైటిల్ పాట పాడిన రాహుల్ సిప్లిగంజ్‌ది హైదరాబాద్ బస్తీ గొంతు. పాట హుషారుగా ఉంది, హాల్లో చిందులేయించింది. కానీ జోగిపేట మాటను వెంట తెచ్చుకున్న కుర్రాళ్లు జోగిపేట పాటను అక్కడే వదిలేసి వచ్చారు. హాయిగా నవ్వించే సినిమా మీద జానపద పరిశోధన బరువు మోపడం అన్యాయమే కావచ్చు. అయినా ఒక ప్రాంతాన్ని తెర ఎంత నమ్మకంగా చూపిందో తేల్చేటప్పుడు మన సమీక్షలు యాస దగ్గరే ఆగిపోతున్నాయి. పాడుతున్నది ఎవరు, ఏ సందర్భంలో, ఎవరి కోసం, పాట ముగిసేదాకా కెమెరా ఓపిక పట్టిందా అని అడిగితే మార్కులు తారుమారవుతాయి.

ఈ ప్రశ్నలకు తట్టుకుని నిలబడిన టీవీ నాటకం ఒకటి అమెరికాలో ఉంది. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచింది. ఆ తర్వాత మూడు నెలలకు మొదలయ్యే కథ ‘ట్రెమే’. డేవిడ్ సైమన్, ఎరిక్ ఓవర్‌మయర్ రూపొందించిన ఈ సిరీస్ 2010 నుంచి 2013 దాకా హెచ్‌బీఓలో 36 ఎపిసోడ్లు నడిచింది. కెర్మిట్ రఫిన్స్, డాక్టర్ జాన్, అలెన్ టూసాంట్ లాంటి ఆ ఊరి సంగీతకారులు తామే తాముగా కనిపించారు. పాటలను చాలావరకు షూటింగ్ జరిగిన చోటే, వాయిస్తుండగానే రికార్డు చేశారు. మొదటి ఎపిసోడ్‌లోనే ట్రాంబోన్ వాయించే ఆంత్వాన్ బాటిస్ట్ ఊరేగింపు వేళకు టాక్సీలో దిగి, కిరాయి దగ్గర డ్రైవరుతో బేరమాడతాడు. పాట అతనికి కళే, రోజుకూలి కూడా. ఆ ఒక్క బేరంతో నగరం సగం అర్థమైపోతుంది.

అంత జాగ్రత్తపడ్డ సిరీస్‌లోనూ ఒకచోట కాలం తప్పింది. హ్యూబిగ్స్ అనే స్థానిక బేకరీ మిఠాయి మొదటి ఎపిసోడ్‌లో కనిపిస్తుంది. కథాకాలానికి ఆ బేకరీ ఇంకా తెరుచుకోలేదు. ఆ ఊరి జనం ఎలాగూ పట్టేస్తారని తెలిసిన సైమన్ అక్కడి ‘టైమ్స్-పికాయూన్’ పత్రికకు లేఖ రాసి, సంగతి తానే బయటపెట్టాడు. మిఠాయి తప్పినా ఊరు క్షమిస్తుంది. పాట తప్పితే క్షమించదని ఆయన లెక్క కావచ్చు.

ఆ ఊరి గాయకుణ్నే తెరమీద పాడించే పద్ధతి మెతుకుసీమకు, అంటే ఉమ్మడి మెదక్‌కు, కొత్తదేమీ కాదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’ (1980)ని చాలావరకు అప్పటి మెదక్ జిల్లా మంగళపర్తిలో తీశారు. అందులో బండి యాదగిరి రాసిన పాటను గద్దర్ తెరమీదికి వచ్చి పాడాడు. ఆయనది అదే జిల్లా తూప్రాన్. నటుడు పెదవి కదిలిస్తే వెనక గాయకుడు పాడే ఏర్పాటు అక్కడ లేదు. పాడేవాడే పాత్ర. ‘ట్రెమే’కు మూడు దశాబ్దాల ముందే, అంత డబ్బు లేకుండానే జరిగిన పని ఇది.

‘బలగం’ (2023 మార్చి 3) ఇంకో అడుగు ముందుకేసింది. సిరిసిల్ల ప్రాంతపు కథ, దర్శకుడు వేణు ఎల్దండిదీ ఆ సీమే. యాసకు, భీమ్స్ సంగీతానికి పేరొచ్చింది. అందులోని పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డూ వచ్చింది. కానీ ఊళ్లలో తెరలు కట్టి చూసిన జనాన్ని ఏడిపించింది చివర్లో బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడిన పాట. చావు ఇంట్లో చనిపోయినవాడి గురించి పాడటం వాళ్ల వృత్తి. బయటినుంచి వచ్చి, కుటుంబం ముందు నిలబడి, పేరుపేరునా పిలిచి బంధాలను గుర్తుచేస్తారు. ఆ పిలుపుతోనే తెరమీద అన్నదమ్ములు, తోబుట్టువు మెత్తబడతారు. పాటను తీసేస్తే ముగింపే లేదు. ఒక ప్రాంతపు సంగీతం కథలో నిజంగా ఉందా లేదా అనేదానికి ఇంతకంటే తేలికైన పరీక్ష ఉండదు.

రోజూ ఇంట్లోకి వచ్చే సీరియళ్లలో ఈ పరీక్షకు చోటే తక్కువ. స్టార్ మాలో ఏళ్ల తరబడి నడిచిన ‘కార్తీక దీపం’ మలయాళ ‘కరుత్తముత్తు’కు రీమేక్, నాయిక ప్రేమీ విశ్వనాథ్ కూడా అక్కడినుంచే వచ్చింది. కేరళ నుంచి ఇక్కడికి ఏ ఇబ్బందీ లేకుండా దిగిన కథకు సొంత ఊరంటూ అక్కర్లేదు కదా! పండగ ఎపిసోడ్‌లో పట్టుచీరలు ఉంటాయి, బతుకమ్మ ఉంటుంది, పాట మాత్రం స్టూడియోది. ఊళ్లో బతుకమ్మ పాటకు ఒకరు గొంతెత్తాలి, మిగతావాళ్లు వలయంలో వంగి లేస్తూ, చప్పట్లతో అందుకోవాలి. మొదలుపెట్టిన మనిషికి ఊపిరి ఆడకపోతే పక్కావిడ అందుకుంటుంది. మరిచిపోయిన చోట కొత్త చరణం పుడుతుంది. రికార్డు పెట్టగానే చప్పట్ల వేగం యంత్రం చేతికి పోతుంది, మొదలుపెట్టే మనిషికి పని ఉండదు. వీ6 లాంటి వార్తాఛానెళ్లు ఏటా విడుదల చేసే బతుకమ్మ పాటలు తెలంగాణ గొంతును ఇంటింటికీ చేర్చాయి, సందేహం లేదు. డీజే పెట్టెకు సరుకునూ అవే అందించాయి.

సంగారెడ్డి జిల్లాలోనే ఇంకో దారి కూడా ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన మనిషి. ఆ సంస్థ దళిత మహిళా రైతులు 1990ల చివర్లోనే కెమెరా పట్టారు. మాచనూర్‌లో రేడియో కేంద్రం కట్టుకున్నా లైసెన్సు రాక, రికార్డు చేసిన పాటలూ మాటలూ ఏళ్లపాటు టేపుల్లో సంఘాలకు వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు సినిమా పాఠశాలల్లో దొరకవు. దొరకూ కూలికీ మధ్య ఎత్తు తేడా చూపే కోణం పటేల్ షాట్. కంటికి కన్ను ఎదురుగా ఉండేది సంఘం షాట్. విత్తనాల మీద పాడే ముసలమ్మను సంఘం షాట్‌లో తీస్తే ఆమె ప్రదర్శన వస్తువు కాదు, మనతో మాట్లాడే మనిషి.

ఈ చూపు అదే జిల్లాలోని పటాన్‌చెరు వైపు ఇంకా తిరగలేదు. 1972లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచింది. ఆ దశాబ్దాల్లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, బొల్లారం, పాశమైలారంలలో మందుల, రసాయనాల పరిశ్రమలు వరసగా లేచాయి. నక్కవాగు రంగు మారింది. ఆ కాలుష్యం మీద నివేదికలు, కోర్టు కేసులు ఉన్నాయి; ఆ బస్తీల పాట మీద మాత్రం పేరున్న సీరియల్ ఒక్కటీ గుర్తుకు రాదు. ఆషాఢంలో బోనాల డప్పు మోగే పట్నంలోనే దీపావళి వెళ్లాక బిహారీ కుటుంబాలు ఛఠ్ పాటలు పాడతాయి. షిఫ్ట్ దిగిన ఒడియా కుర్రాడి ఫోన్‌లో వాళ్ల ఊరి పాట మోగుతుంటుంది. 2025 జూన్ 30న పాశమైలారం మందుల కర్మాగారంలో పేలుడు జరిగినప్పుడు మృతుల్లో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ వారం వాళ్ల భాషలు టీవీలో వినిపించాయి, గేటు ముందు ఏడుపుగా మాత్రమే.

పటాన్‌చెరు దగ్గరి ఇస్నాపూర్ అద్దె గదుల్లో ఒక సిరీస్ తీయాలని ఎవరైనా పూనుకుంటే, యాస నేర్పే మనిషిని మొదటి రోజే పెట్టుకుంటారు. ఒడియా పాటకు కింద తెలుగు అక్షరాలు వేసి చివరిదాకా వినిపిస్తారా, అర నిమిషానికే దానిమీద నేపథ్య సంగీతం ఎక్కిస్తారా అన్నది ఎడిటింగ్ గదిలో తేలుతుంది.