సర్పగంధ నేర్పిన పాఠము

దేహవ్యాధిని చూచి ఇరుగుపొరుగువారు జాలిపడుదురు. మనోవ్యాధిని చూచి భయపడుదురు. ఈ భయమునకు మిక్కిలి గురియైన వ్యాధి స్కిజోఫ్రీనియా. ఎవరును లేనిచోట మాటలు వినబడుట, తన్నెవరో వెంటాడుచున్నారని దృఢముగా నమ్ముట, ఆలోచనల పొందిక చెడుట, నలుగురికి దూరమై ఉలుకు పలుకు లేకుండుట దీని లక్షణములు. తరచుగా ఇది యౌవనారంభమున పొడసూపును. ప్రపంచమున దాదాపు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

19వ శతాబ్ది చివర జర్మనీ వైద్యుడు క్రెపెలిన్ దీనిని ప్రత్యేకవ్యాధిగా గుర్తించి, బుద్ధిని క్రమముగా క్షీణింపజేయునదని తలచినాడు. 1908లో స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ దీనికి నేటి పేరు పెట్టినాడు. గ్రీకుభాషలో చీలిన మనస్సని దాని అర్థము. అనగా ఒక మనిషిలో ఇద్దరున్నారని కాదు. ఆలోచన, అనుభూతి, నడవడి పరస్పరము పొసగవని భావము. రోగులందరును ఒకే తీరున క్షీణింపరని కూడ అతడు గ్రహించినాడు.

పేరు దొరికినది గాని మందు దొరకలేదు. 1933లో వియన్నాలో సాకెల్ ఇన్సులిన్‌తో రోగికి స్పృహ తప్పించు పద్ధతిని ప్రకటించినాడు. 1935లో పోర్చుగలులో మోనిజ్ మెదడులోని తంతువులను కోయించినాడు. 1938లో రోమునగరమున విద్యుచ్చికిత్స మొదలైనది. మొదటి రెండును కాలక్రమమున వైద్యులు విడిచినారు. మూడవది మత్తుమందిచ్చి, అవసరమైనవారికి నేటికిని చేయుచున్నారు.

ఇంతలో మన దేశపు మూలిక యొకటి రంగమునకు వచ్చినది. ఉన్మాదమునకు సర్పగంధ వేరు వాడుట మనకు పూర్వమునుండి ఉన్నదే. దాని గుణమును గూర్చి 1931లో గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అను వంగదేశీయ వైద్యులు వ్యాసము ప్రకటించినారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసినారు. 1954లో అమెరికాలో నేథన్ క్లైన్ దానిని మానసిక రోగులకిచ్చి ఫలితములు తెలిపినాడు.

అదే 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్‌ను ప్రయోగించినారు. కేకలతో మారుమ్రోగిన గదులు సద్దుమణిగినవి. రిసర్పిన్ రక్తపుపోటును తగ్గించి, కొందరికి దిగులు కలిగించుటచే ఈ రెండవ మందే నిలిచినది. అయినను సర్పగంధ శ్రమ వృథా కాలేదు. రిసర్పిన్‌చే కదలలేకపోయిన జంతువులను పరీక్షించియే స్వీడను శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ మెదడులోని డోపమిన్ ప్రాముఖ్యమును 1950ల చివర నిరూపించినాడు. 2000లో అతనికి నోబెల్ బహుమానములో భాగము లభించినది. నేటి మందులలో అధికభాగము ఆ డోపమిన్ ప్రభావమును అదుపు చేయునవే.

ఈ మందులు వ్యాధిని వేరుతో పెకలింపవు, లక్షణములను అణచును. కుదిరినదని తామే మానినచో వ్యాధి మరల తలయెత్తవచ్చును. వణుకు, బరువు పెరుగుట వంటి ఇబ్బందులు కలిగినచో వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను. మందుకు తోడు చేయదగిన పని, ఇంటివారి ఓర్పు కావలెను.

2001లో తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదము జరిగినప్పుడు, గొలుసులతో బంధింపబడిన మానసిక రోగులు 25 మందికి పైగా పారిపోలేక మరణించినారు. రోగిని గొలుసులతో బంధించుటను 2017 నాటి చట్టము నిషేధించినది. ఇనుపగొలుసును చట్టము విప్పగలదు. భయమను గొలుసును విప్పవలసినది మనము.