వెలిగే మీటరు డయళ్లు

కారు డ్యాష్‌బోర్డులోని స్పీడోమీటరు, పెట్రోలు, టెంపరేచర్ మీటర్ల అంకెలు చీకట్లో కనిపించేలా కాంతినిచ్చే పలకలు వెలిగే డయళ్లు. అంబాసిడర్ తరం కార్లలో ఈ పని చిన్న బల్బులు చేసేవి. పలకే వెలిగే ఎలక్ట్రోల్యూమినిసెంట్ పద్ధతిని 1960 మోడల్ క్రైస్లర్ కార్లలో వాడారు. ఇందులో రెండు వాహక పొరల నడుమ ఉన్న ఫాస్ఫర్ పూత ఏసీ కరెంటుకు అంతటా సమానంగా వెలుగుతుంది. బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని ఇన్వర్టర్ సుమారు 100 వోల్టుల ఏసీగా మారుస్తుంది. మామూలు డయళ్లున్న కారుకు ఇలాంటి పలక బిగించేటప్పుడు మీటరు సెట్టు ఊడదీసి, ముల్లు నిలిచిన చోటు గుర్తుపెట్టి, దాన్ని తీసి, పాత డయలుపై కొత్త పలక అతికిస్తారు. ఇన్వర్టర్‌ను పార్కింగ్ లైట్ల వైరుకు కలుపుతారు. ముల్లు తిరిగి అదే చోట కూర్చోకపోతే మీటరు వేగాన్ని తప్పుగా చూపుతుంది. తర్వాతి కార్లలో ఎల్ఈడీలు, డిజిటల్ తెరలు వీటి స్థానంలోకి వచ్చాయి.