గాలిలో వాటా

జహీరాబాద్ చుట్టుపక్కల నేలలు ఎక్కువగా ఎర్రవి. వాన పడితేనే పంట. అలాంటి చెలకలో ఒకే వానకు జొన్న, కంది, సజ్జ, అనుము, పెసర కలిపి చల్లుకోవడం అక్కడి ఆడవాళ్లకు తరాలనాటి అలవాటు. ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది, ఇల్లు గడుస్తుంది. ఈ సేద్యం గురించి వాళ్లకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. అయితే ఆ తెలివిని వాళ్ల నుంచి అడిగి తెలుసుకున్నవాళ్లూ లేరు. రేడియో పెడితే సంకరజాతి విత్తనాల గురించి, ఎరువుల మోతాదు గురించి వినిపించేది. నీళ్లున్న రైతుకు అవి అక్కరకొచ్చే మాటలే. భాష కూడా శుద్ధంగా, పుస్తకంలోంచి దిగివచ్చినట్టు ఉండేది. పచ్చజొన్న పేరు గానీ, తైదల పేరు గానీ అందులో వినపడేది కాదు.

1983లో రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చిన పథకం అది, కాదనలేం. దాని వెనకే మరొకటి జరిగింది. చెలకలో పండే గింజకు, పండించినవాళ్ల ఇంట్లోనే గిరాకీ తగ్గింది. సరిగ్గా ఆ ఏడాదే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. ఊరూరా దళిత మహిళలు సంఘాలు కట్టారు. పడావు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చుకున్నారు, విత్తనాలు దాచుకున్నారు, ఇచ్చిపుచ్చుకున్నారు.

ఆ సంస్థను మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీశ్. మైసూరు మనిషి, వృత్తిరీత్యా దూరదర్శన్ నిర్మాత. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు అందించిన 'సైట్' ప్రయోగంలో పనిచేశారు. అంటే ఢిల్లీ నుంచీ రాజధానుల నుంచీ పల్లెకు మాట ఎలా దిగివస్తుందో లోపలి నుంచి చూసినవారు. పస్తాపూర్ వచ్చాక ఆయన ముందు నిలిచిన చిక్కుప్రశ్న దానికి తలకిందులుగా ఉంది: పల్లె మాట పైకి ఎలా వెళ్తుంది? పైకి సంగతి సరే, పక్క ఊరికైనా ఎలా చేరుతుంది? సంఘం మహిళల్లో ఎక్కువమందికి చదువు రాదు. పత్రిక పెట్టి లాభం లేదు. వాళ్లకు వచ్చింది మాట, పాట. అలాంటప్పుడు తగిన సాధనం రేడియో.

దారిలో అడ్డంగా ఒక పాత చట్టం కూర్చుని ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. గాలిలో సంకేతం పంపే హక్కు సర్కారుది, సర్కారు లైసెన్సు ఇచ్చినవాళ్లది మాత్రమే అని దాని సారాంశం. తెల్లదొరలు తమ కోసం రాసుకున్నది స్వతంత్ర భారతంలోనూ చెక్కుచెదరకుండా నిలిచింది.

దాన్ని కదిలించింది, ఎవరూ ఊహించలేరు, క్రికెట్. 1993లో హీరో కప్ పోటీల ప్రసార హక్కుల్ని బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు ఇచ్చింది. దూరదర్శన్‌తో పేచీ వచ్చింది, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి. సావంత్ ఉన్న ధర్మాసనం తీర్పు చెప్పింది: గాలితరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసమే వాడాలి. బ్యాటూ బంతీ తగువులోంచి ఇంత మాట పుట్టడం కాకతాళీయమే. కానీ ఎక్కడెక్కడో రేడియో కలలు కంటున్నవాళ్లు ఆ తీర్పును రెండు చేతులా పట్టుకున్నారు.

పస్తాపూర్‌లోనూ పట్టుకున్నారు. యునెస్కో చేయూతతో దగ్గర్లోని మాచనూరులో రేడియోకు గూడు అమరింది, యంత్రాలు వచ్చాయి. 1998 నాటికి కేంద్రం సిద్ధం. నడిపేది సంఘాల ఇళ్ల నుంచి వచ్చిన ఇద్దరు యువతులు. ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. అన్నీ ఉన్నాయి, లైసెన్సు ఒక్కటే లేదు. కోర్టు గాలిని ప్రజలదన్నా, ఆ ప్రజలకు వాటా ఎలా పంచాలో చెప్పే నిబంధన దేశంలో ఎక్కడా లేదు.

ఇక్కడ కథ ఆగిపోవాల్సింది. ఎన్నో చోట్ల ఇలాంటి కథలు ఇలాంటి మలుపులోనే ఆగిపోయాయి కూడా. వీళ్లు మాత్రం గాలిలోకి పంపలేని మాటను క్యాసెట్లకెక్కించారు. టేపు రికార్డరు పట్టుకుని ఊళ్లకు వెళ్లారు. ఏ కార్తెలో ఏ విత్తనం పడాలి, పుట్టికి పురుగు పట్టకుండా ఏం చేయాలి, పురుడొచ్చిన బాలింతకు ఏం పెట్టాలి అని పెద్దవాళ్లను అడిగి రికార్డు చేశారు. నాట్ల పాటలు, విసురురాయి పాటలు పాడించుకున్నారు. సంఘం కూర్చున్నప్పుడు ఆ క్యాసెట్ పెట్టి వినిపించారు. విన్నవాళ్లు ఊరికే వినలేదు. మా ఊళ్లో అట్లా కాదు, ఇట్లా చేస్తం అని సరిదిద్దారు. ఆ సవరణ తర్వాతి క్యాసెట్‌లోకి ఎక్కింది. రేడియో పాఠశాలల్లో శ్రోతల స్పందన అని అధ్యాయాలకు అధ్యాయాలు చెబుతారు. ఇక్కడ అది లైసెన్సు లేకపోవడం వల్ల తనంతట తానే అమరింది.

నాకు ఈ కథలో అన్నిటికంటే ముచ్చటైన భాగం కలుపు గురించి. వ్యవసాయ శాఖ లెక్కలో పొలంలో పైరు కానిదంతా కలుపు, మందు కొట్టి చంపాల్సింది. ఈ ఆడవాళ్ల లెక్క వేరు. చెలకలో తనంతట తాను మొలిచే జొన్నచెంచలి, తుమ్మికూర, దొగ్గలికూర వాళ్లకు రోజూ వండుకునే కూరలు. కొననక్కర్లేదు, విత్తనక్కర్లేదు. చేతిలో పైసా లేని ఇంట్లో పిల్లలకు ఆకుకూర అందేది వాటి వల్లే. కలుపుమందు చల్లితే పోయేది పూట కూర. పర్యావరణం, జీవవైవిధ్యం లాంటి మాటల అవసరం లేకుండా ఈ విషయం మొత్తాన్ని ఒక అవ్వ తన యాసలో నాలుగు ముక్కల్లో చెప్పగలదు. దాన్ని రికార్డు చేసి పక్క ఊళ్లో వినిపిస్తే అక్కడి కోడలికి వెంటనే తలకెక్కుతుంది. మాట చెప్పింది తనలాంటి మనిషి, తన అత్త మాట్లాడే మాటల్లోనే చెప్పింది.

ఆడియోతో పాటు కెమెరా కూడా ఇదే ఆడవాళ్ల చేతికొచ్చింది. కెమెరా కోణాలకు వాళ్లు తమ బతుకులోంచి పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, గద్దె మీద కూర్చున్న దొర చూసే చూపు. కళ్లకు కళ్లు సమానంగా ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. 2001లో వాళ్ల పేర కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. మరుసటి ఏడాది బీటీ పత్తికి దేశంలో అనుమతి దొరికాక, వీళ్లు వరంగల్ వెళ్లి రైతుల్ని చేలలోనే పలకరిస్తూ సినిమా తీశారు. ఆ సినిమా దేశాలు తిరిగింది.

ఇదే కాలంలో ఈ కథలోకి ఒక విశ్వవిద్యాలయం నడిచొచ్చింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు వినోద్ పావురాల చదువుకున్నది సామాజికశాస్త్రం, బోధించేది సమాచార రంగం. అప్పట్లో మీడియా పరిశోధన అంటే టీవీ, సినిమా, పెద్ద పత్రికలు. లైసెన్సే లేని రేడియోను పరిశోధన విషయంగా ఎంచుకోవడం పేరు తెచ్చే దారి కాదు. ఆయనా, సహోద్యోగి కాంచన్ కె. మాలిక్ కలిసి అదే దారి పట్టారు. పస్తాపూర్ ఒక్కటే కాదు, కర్ణాటకలోని బుదికోటలో కేబుల్ తీగ మీద నడిచే 'నమ్మ ధ్వని', భుజ్ ఆకాశవాణిలో అరువు సమయం తీసుకుని కచ్ఛీ భాషలో మహిళలు చేసిన కార్యక్రమం, జార్ఖండ్‌లోని పలామూలో ఊరివాళ్ల యాసలో సాగిన ప్రసారం, అన్నీ తిరిగి చూశారు. ఎక్కడికక్కడ మనుషులు వేరు, భాష వేరు. తేలిన సంగతి మాత్రం ఒకటే. మాట్లాడే అవకాశం దక్కిన ఆడవాళ్లు ఇంట్లో, ఊళ్లో, పంచాయతీలో కూడా మునుపటిలా లేరు. ఆ పని 2007లో పుస్తకమై వచ్చింది. పుస్తకం కంటే ముందే, ఢిల్లీ చర్చల్లో ఆధారంగా చూపడానికి క్షేత్రంలోంచి తెచ్చిన రుజువులున్నాయి.

చర్చలు మాత్రం నత్తనడకే. 2000 జూలైలో యునెస్కో సాయంతో జరిగిన సదస్సు పస్తాపూర్‌లో ముగిసింది. సర్కారుది, వ్యాపారులది కాకుండా ప్రజలది అనే మూడో రకం రేడియోకు చోటివ్వండని అక్కడ ప్రకటన వెలువడింది. మరుసటి ఏడాది నగరాల్లో ప్రైవేటు ఎఫ్ఎం పాటలు మోగడం మొదలైంది, వేలం పాడి డబ్బు కట్టినవాళ్లకు గాలి దొరికింది. పల్లెలకు ఇస్తే తీవ్రవాదుల చేతుల్లో పడుతుందేమో అన్న భయం మాత్రం అధికారుల్ని వదల్లేదు. పాటలకు లేని ప్రమాదం జొన్న కబుర్లలో ఏం కనిపించిందో మరి! కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో 'మన రేడియో' నడిపితే, 2003లో అధికారులొచ్చి ఆపేశారు. 2002 చివర్లో వచ్చిన విధానం విద్యాసంస్థలకే తలుపు తీసింది. ఆ దారిన 2004 ఫిబ్రవరిలో చెన్నైలో అన్నా ఎఫ్ఎం మొదలైంది. చదువు రాని ఆడవాళ్ల రేడియో మళ్లీ గుమ్మం బయటే నిలబడింది.

ఆ ఏడాది మే నెలలో కేంద్ర సమాచార ప్రసార శాఖే ఢిల్లీలో ఒక కార్యశాల పెట్టింది. సతీశ్ లాంటి కార్యకర్తలు, పావురాల లాంటి పరిశోధకులు, అధికారులు ఒకే గదిలో కూర్చుని నిబంధనలకు రూపం వెతికారు. అక్కడి నుంచి ఫైలు మంత్రివర్గం దాకా చేరడానికి ఇంకో రెండున్నరేళ్లు పట్టింది. 2006 నవంబరులో కొత్త విధానం వచ్చింది. స్వచ్ఛంద సంస్థలూ రేడియో పెట్టుకోవచ్చు. శక్తి వంద వాట్లు, సగం కార్యక్రమాలైనా అక్కడే తయారవ్వాలి, స్థానిక భాషలో, యాసలో ఉంటే మరీ మంచిది. ఆ చివరి మాట చదివినప్పుడు ఇద్దరు నర్సమ్మలు నవ్వుకుని ఉంటారు. వాళ్లు ఎనిమిదేళ్లుగా చేస్తున్నది అదేగా.

2008 అక్టోబరు 15, గ్రామీణ మహిళా దినోత్సవం. మాచనూరు నుంచి 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించడానికి ఎవర్ని పిలవాలన్న దాని మీద పెద్ద ఆలోచన అక్కర్లేకపోయింది. పదమూడేళ్ల కిందట ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంత్ స్వయంగా వచ్చారు. గ్రామీణ మహిళలు నడిపే కమ్యూనిటీ రేడియోల్లో దేశంలో ఇదే మొదటిది. పాతిక కిలోమీటర్ల పరిధిలో సాయంత్రం పూట పచ్చజొన్న గురించీ, పుంటికూర గురించీ, పాత పంటల జాతర గురించీ వినిపించసాగింది. పదేళ్లు దాచిన క్యాసెట్ల మూట ఉంది కాబట్టి మొదటిరోజే ఏం వినిపించాలన్న తడుముకోవడం లేదు. లైసెన్సు 1998లోనే వచ్చి ఉంటే, బహుశా ఇది ఇంకో చిన్న ఆకాశవాణి అయి ఊరుకునేదేమో అని నా అనుమానం.

2011లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం ఏర్పడింది, దాని బాధ్యత పావురాలకు అప్పగించారు. లైసెన్సు లేని రేడియో వెంట తిరిగిన పరిశోధన ఇప్పుడు ఒక పాఠ్యాంశం. 2019లో డెక్కన్ సొసైటీ మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది. చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా చెప్పుకున్న 2023లో, మార్చి 19న సతీశ్ కన్నుమూశారు.

దేశంలో కమ్యూనిటీ రేడియోలు ఇప్పుడు ఐదు వందల దరిదాపుల్లో ఉన్నాయి. కొన్ని నిజంగా ఊరివాళ్లవి, కొన్ని కళాశాలల ప్రచారానికి పనికొచ్చేవి. వాతావరణం, బజారు ధరలు చెప్పొచ్చు. సొంతంగా వార్తలు చెప్పడానికి మాత్రం ఇప్పటికీ వీల్లేదు. పక్క ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన నీళ్లు చెరువులో కలిస్తే దాన్ని వార్త అనాలా, సమాచారం అనాలా అన్నది నిబంధనల పుస్తకంలో తేలని సంగతి. ఆ గీత ఎక్కడ పడాలన్న వాదన ఢిల్లీలో ఇంకా నడుస్తోంది.