పది రోజుల వైద్యం, ఏడాది బాధ

మత్తుమందుల చికిత్స చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా ఒకే దారిలో నడుస్తారు. పూర్వం వ్యసనాన్ని పాపమన్నారు, ఆ తర్వాత నేరమన్నారు, ఇప్పుడు మెదడు జబ్బని తెలుసుకున్నాం అంటారు. అజ్ఞానం పోయి విజ్ఞానం వచ్చిందన్నమాట. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ మానేసినవాడి వైపు నుంచి చూస్తే ఈ కథలో ఒక పెద్ద కాలం జాడే లేదు. ఆఖరిసారి వాడిన రెండో వారం నుంచి రెండో ఏడు దాకా సాగే కాలం అది. వణుకు తగ్గింది, వాంతులు ఆగాయి, డాక్టరు డిశ్చార్జి రాసేశాడు. అయినా నిద్ర పట్టదు, దేనిమీదా మనసు నిలవదు, ఏ పనిలోనూ సంతోషం ఉండదు, ఉన్నట్టుండి పాత కోరిక లేస్తుంది. ఈ దశను వైద్యం ఎప్పుడు గుర్తించింది, గుర్తించి ఏం చేసింది అన్నదే ఇక్కడ ప్రశ్న. గుర్తించడం చాలా ముందే జరిగిందనీ, పట్టించుకోకపోవడమే ఎక్కువకాలం సాగిందనీ నా వాదన.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. ఇంగ్లండులో డి క్విన్సీ 1821లో తన నల్లమందు అనుభవాలు ప్రచురించి, దాదాపు గెలిచానన్నట్టు రాశాడు. నిజానికి 1859లో చనిపోయేదాకా అది ఆయన్ని వదల్లేదు. బెర్లిన్‌లో ఎడ్వర్డ్ లెవిన్‌స్టైన్ 1877లో మార్ఫిన్ వ్యసనం మీద పుస్తకం రాశాడు. రోగిని గదిలో పెట్టి, కాపలా ఉంచి, మందు ఒక్కసారిగా ఆపేయడం ఆయన పద్ధతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో చార్లెస్ టౌన్స్ అనే ఆసామి వైద్యం చదవకుండానే ఒక ఆసుపత్రి నడిపాడు. బెల్లడొన్నా కలిపిన మందుతో కొద్దిరోజుల్లో వ్యసనం వదిలిస్తానని చెప్పి, పదిమందిలో తొమ్మిదిమంది దాకా బాగయ్యారని లెక్క చూపించాడు. తిరిగి రానివాళ్లందరినీ బాగైనవాళ్ల కింద జమ కట్టడమే ఆ లెక్కలోని కిటుకు. మొదట్లో ఆయన్ని సమర్థించిన ప్రముఖ వైద్యుడు అలెగ్జాండర్ లాంబర్టే తర్వాత వెనక్కి తగ్గాడు. లెవిన్‌స్టైన్, టౌన్స్ చికిత్సలు రెండూ ఆ మొదటి కొద్దిరోజుల మీదే నిలిచాయి.

అసలు వివాదం 1935లో మొదలవుతుంది. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ఒక సంస్థ తెరిచింది. అది సగం జైలు, సగం ఆసుపత్రి. చుట్టూ పొలం, పశువుల శాల. శిక్ష పడ్డ ఖైదీలూ, తమంతట తాము వచ్చి చేరినవాళ్లూ అక్కడ కలిసే ఉండేవాళ్లు. మూడేళ్లకు టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో అలాంటిదే ఇంకొకటి వచ్చింది. లెక్సింగ్టన్ ఘోరంగా విఫలమైందనేది చరిత్రకారుల మామూలు తీర్పు. దానికి చూపే సాక్ష్యం 1962లో హంట్, ఓడరాఫ్ ప్రచురించిన పరిశీలన. లెక్సింగ్టన్ నుంచి న్యూయార్క్ తిరిగి వెళ్లిన దాదాపు రెండువేల మందిని వాళ్లు ఆరా తీస్తే, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మళ్లీ వ్యసనంలో పడ్డారు. వాళ్లలో ఎక్కువమంది ఆర్నెల్లలోపే పడిపోయారు.

ఆ లెక్క తప్పని నేను అనను. దాన్నుంచి తీసిన నీతి మాత్రం సరైంది కాదు. తమంతట వచ్చినవాళ్లలో చాలామంది చికిత్స పూర్తికాకముందే వెళ్లిపోయేవారు, ఆపే అధికారం ఎవరికీ లేదు. పైగా బయటికి వెళ్లాక వాళ్లను చూసే నాథుడే లేడు. న్యూయార్క్‌కు తిరిగి వెళ్లిన రోగుల్లోనే వందమందిని జార్జ్ వేలెంట్ అనే మనోవైద్యుడు పన్నెండేళ్ల మేర పరిశీలించి 1966లో ఫలితాలు ప్రకటించాడు. వాళ్లలోనూ దాదాపు అందరూ మొదట జారిపోయినవాళ్లే. అయితే పన్నెండేళ్లు గడిచేసరికి సగానికి కొంచెం తక్కువమంది మత్తుకు దూరంగా బతుకుతున్నారు. ఏడాది దగ్గర ఆగి చూస్తే వైఫల్యం, పుష్కరం దగ్గర చూస్తే సగం విజయం. వేలెంట్ గమనించిన ఇంకో సంగతి కూడా ఉంది. ఆసుపత్రిలో కొన్నాళ్లుండి వెళ్లిపోయినవాళ్ల కంటే, జైలు నుంచి విడుదలయ్యాక ఏడాదిపాటు పెరోల్ అధికారి నిఘాలో ఉన్నవాళ్లు మెరుగ్గా నిలబడ్డారు. దీన్ని జైలు గొప్పతనంగా చెప్పేవాళ్లున్నారు. నాకు మాత్రం విడుదల తర్వాతి ఏడాది గొప్పతనం కనిపిస్తుంది. వారం వారం ఎలా ఉన్నావని అడిగే మనిషి ఒకడుండటం, ఉద్యోగం చేసి తీరాల్సి రావడం చిన్న విషయాలు కావు.

లెక్సింగ్టన్‌లోని పరిశోధనా కేంద్రం చేసిన పనిని ఈ లెక్కల గొడవ కప్పేసింది. క్లిఫ్టన్ హిమ్మెల్స్‌బాక్ అనే వైద్యుడు మందు ఆపినప్పుడు వచ్చే విత్‌డ్రాయల్ లక్షణాలకు మార్కులు వేసి కొలిచే పద్ధతి తయారుచేశాడు. మార్ఫిన్ ఆపిన మొదటి వారం పది రోజుల తుఫాను తర్వాత కూడా శరీరం మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతోందని 1940ల మొదట్లోనే ఆయన నమోదు చేశాడు. 1969లో మార్టిన్, జాసిన్‌స్కీ మరింత జాగ్రత్తగా కొలిచారు. రక్తపోటు, నాడి, శరీర ఉష్ణోగ్రత, కంటిపాప పరిమాణం వంటివి మొదట ఒకవైపు ఊగి, కొన్ని వారాల తర్వాత రెండోవైపు ఒరిగి, ఆర్నెల్లు దాటాక కూడా పూర్తిగా సర్దుకోలేదని చూపించారు. మానేసినవాడు నెలల తరబడి ‘ఏదో బాగోలేదు’ అంటుంటే ఇంట్లోవాళ్లు ‘నాటకాలు’ అంటారు. ఆ మాటకు అర్ధశతాబ్దం కిందటే జవాబు వచ్చిందన్నమాట.

వీటికంటే విలువైనది ఏబ్రహం విక్లర్ పరిశీలన. నెలల తరబడి మత్తు ముట్టకుండా, ఆరోగ్యంగా లెక్సింగ్టన్ నుంచి బయల్దేరిన మనిషికి పాతపేట దగ్గరయ్యేకొద్దీ కళ్లు నీరుకారడం, ఆవలింతలు, ముక్కు కారడం మొదలయ్యేవి. ఒంట్లో మందు లేదు, ఉన్నదల్లా చోటు జ్ఞాపకం. ఆ వీధి, ఆ స్నేహితుడు, ఆ మూలమీది దుకాణం విత్‌డ్రాయల్‌ను తిరిగి పుట్టిస్తున్నాయని విక్లర్ 1948లో ప్రతిపాదించాడు. ఆసుపత్రి నాలుగు గోడల మధ్య నయమైన జబ్బు వీధి మలుపులో ఎందుకు తిరగబెడుతుందో మొదటిసారి అర్థమయ్యేలా చెప్పినవాడు ఆయనే. జాజ్ సంగీతకారుడు సోనీ రోలిన్స్ 1955లో లెక్సింగ్టన్ నుంచి బయటికొచ్చి వెంటనే క్లబ్బులకు పోలేదు. షికాగోలో ఉండి చిన్నాచితకా కూలిపనులు చేసి, తనమీద తనకు నమ్మకం కుదిరాకే వేదిక ఎక్కాడు. విక్లర్ సిద్ధాంతంతో పని లేకుండానే ఆ సంగతి ఆయనకు తెలిసినట్టుంది.

ఈ పరిశోధనలను పొగడటానికి ముందు చెప్పాల్సినవి ఉన్నాయి. కొలతలు ఇచ్చిన మనుషులు ఖైదీలు. కొన్ని ప్రయోగాల్లో పాల్గొన్నందుకు ప్రతిఫలంగా మత్తుమందే ఇచ్చారు. అదే కేంద్రంలో హారిస్ ఇస్బెల్ సీఐఏ డబ్బుతో ఖైదీల మీద ఎల్‌ఎస్‌డీ పరీక్షించాడు. 1975లో అమెరికా సెనేట్ విచారణలో ఇదంతా బయటపడింది, ఖైదీల మీద ప్రయోగాలు ఆ తర్వాత ఆగిపోయాయి. శాస్త్రం వైపు నుంచీ ఒక అభ్యంతరం ఉంది. కంటిపాప కొంచెం మారినంత మాత్రాన దానికీ కోరికకూ సంబంధం ఉన్నట్టు కాదు. నెలల తరబడి సాగే ఈ బాధకు అమెరికన్ మనోవైద్యుల నిర్ధారణ గ్రంథంలో నేటికీ విడి జబ్బుగా చోటు లేదు. ఈ సందేహాలన్నీ ఒప్పుకున్నాక కూడా హిమ్మెల్స్‌బాక్, విక్లర్ చెప్పినవి నిలుస్తాయి: తేరుకోవడం నెలల లెక్క, అందులో చోటుకు వాటా ఉంది.

వియత్నాం యుద్ధం దీన్ని మరోవైపు నుంచి పరీక్షించింది. అక్కడి అమెరికన్ సైనికుల్లో హెరాయిన్ విపరీతమైందని 1971లో నిక్సన్ ప్రభుత్వం బెంబేలెత్తి, తిరుగు ప్రయాణానికి ముందు మూత్రపరీక్ష తప్పనిసరి చేసింది. అలా వెనక్కి వచ్చినవాళ్లను లీ రాబిన్స్ బృందం ఇళ్లకు వెళ్లి కలిసింది. దాదాపు అయిదోవంతు మంది వియత్నాంలో తాము వ్యసనపరులమేనని చెప్పారు. వాళ్లలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాది మళ్లీ వ్యసనంలో పడినవాళ్లు నూటికి అయిదుగురే, మూడేళ్లలో పన్నెండుగురు. అధికశాతం ఏ చికిత్సా తీసుకోలేదు.

ఈ అంకెల్ని పట్టుకుని రెండు పక్షాలు తయారయ్యాయి. వ్యసనం అంతా పరిస్థితుల ఫలితమే, చోటు మారిస్తే చాలు అని ఒక పక్షం. ఆ సైనికులు అసలైన వ్యసనపరులే కారు, ఆ లెక్క మామూలు రోగులకు వర్తించదు అని ఇంకో పక్షం. రాబిన్స్ రెండింటితోనూ సరిపెట్టుకోలేదు. ఇంటికొచ్చాక కూడా చాలామంది అప్పుడప్పుడు హెరాయిన్ ముట్టుకున్నారు, అయినా పాత స్థితికి జారలేదు. వాళ్లకు వెళ్లడానికి ఇల్లుంది, ఉద్యోగం దొరికింది, హెరాయిన్ అలవాటైన చోటు వేల మైళ్ల అవతల ఉండిపోయింది. లెక్సింగ్టన్ రోగి తిరిగి వెళ్లింది అలవాటైన చోటికే. ఈ రెండు పరిశీలనలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయని అనిపించవచ్చు. నాకు మాత్రం అవి ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టు కనిపిస్తాయి.

1997లో అలన్ లెష్నర్ వ్యసనం మెదడు జబ్బేనని రాసిన వ్యాసంతో శకం మారిందంటారు. రోగిని దొంగలా చూడటం తగ్గడానికి ఆ మాట తోడ్పడింది, కాదనను. కానీ దానితోపాటు స్కాన్ బొమ్మల రాజ్యం కూడా వచ్చింది. ఇక్కడ ఎర్రగా, అక్కడ నల్లగా ఉన్న మెదడు బొమ్మను చూపించి ‘పాడైపోయింది’ అని భయపెట్టడం ఉపన్యాసాల్లో మామూలైంది. నోరా వోల్కోవ్ బృందం 2001లో ప్రచురించిన మెథాంఫెటమిన్ పరిశీలన వేరేలా చెప్పింది. ఏడాదికి పైగా మానేసిన అయిదుగురికి మళ్లీ స్కాన్ తీస్తే, మత్తు వల్ల తగ్గిపోయిన, మెదడులో డోపమిన్ రసాయనాన్ని మోసే ట్రాన్స్‌పోర్టర్లు చాలావరకు తిరిగి పెరిగాయి. అయితే కదలికల, జ్ఞాపకశక్తి పరీక్షల్లో అంత మెరుగుదల రాలేదు. అయిదుగురి మీద సిద్ధాంతం కట్టలేం. ఆ బొమ్మ చూపించేవాళ్లు కాలం వల్ల వచ్చిన మార్పును కూడా చూపించాలి అనేదే నా కోరిక. అన్నీ తిరిగొస్తాయని కూడా అనకూడదు. 1982లో కాలిఫోర్నియాలో దొంగచాటుగా తయారైన కృత్రిమ హెరాయిన్‌లో ఎమ్‌పీటీపీ అనే విషం కలిసింది. అది వాడిన కొందరు యువకులు రోజుల్లో పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. విలియం లాంగ్‌స్టన్ వాళ్ల కారణాన్ని ఛేదించాడు కానీ వాళ్లను మామూలు మనుషులుగా చేయలేకపోయాడు.

మన దేశంలోకి వస్తే, శ్రద్ధగా మొదలుపెట్టినవాళ్లు లేకపోలేదు. మద్రాసులో శాంతి రంగనాథన్ 1980లో టీటీకే ఆసుపత్రి పెట్టినప్పుడే రోగితోపాటు కుటుంబాన్నీ చికిత్సలోకి తెచ్చారు. రాజస్థాన్‌లో నారాయణ్‌సింగ్ మాణక్‌లావ్ నల్లమందు అలవాటున్నవాళ్లకు ఊళ్లలోనే శిబిరాలు నడిపారు. చట్టంలో కూడా తలుపు మూసి లేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం చికిత్స కోరిన వ్యసనపరుడికి కొన్ని కేసుల్లో విచారణ నుంచి మినహాయింపు ఉంది. ఆచరణ వేరు. ఎయిమ్స్ జాతీయ కేంద్రం నిర్వహించి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం నల్లమందు జాతి మందుల వల్ల సహాయం అవసరమైనవాళ్లు దాదాపు 77 లక్షలు. చట్టవిరుద్ధ మత్తుకు బానిసలైన ఇరవైమందిలో ఒక్కరికే ఎప్పుడైనా ఆసుపత్రిలో ఉండి చికిత్స దొరికింది. దొరికినవాళ్లలో కూడా చాలామంది విషయంలో డిశ్చార్జితోనే బాధ్యత తీరిపోతోంది. ప్రతిజ్ఞ చేసిన విద్యార్థుల్నీ, పట్టుకున్న గంజాయి కిలోల్నీ లెక్కపెడతాం. ఏడాది తర్వాత ఎవరు ఎలా ఉన్నారో అడగడం అరుదు. ఈ విషయంలో మనం టౌన్స్ కాలాన్ని పూర్తిగా దాటలేదు.

తెలంగాణ కల్లు కాంపౌండ్లు దీనికి దగ్గరి ఉదాహరణ. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలమ్ కలపడం ఏళ్లుగా నడుస్తోంది. తాగేవాడికి తాను నిద్రమాత్రలకు అలవాటుపడ్డాడని తెలియదు. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ దాడులతో కల్తీ కల్లు దొరకడం ఆగగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి చోట్ల ఆసుపత్రులకు జనం పోటెత్తారు. మూర్ఛలు, అయోమయం, వింత ప్రవర్తన. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ ఎంతోమంది చేరారు. డైజీపామ్, అల్ప్రాజోలమ్ జాతి మందులు ఒక్కసారిగా ఆపకూడదని, వారాలు నెలల మీద కొంచెం కొంచెం తగ్గించాలని, అప్పుడు కూడా కొందరిని లక్షణాలు నెలల తరబడి పీడిస్తాయని ఇంగ్లండులో హీథర్ ఆష్టన్ 1982 నుంచి పన్నెండేళ్లు క్లినిక్ నడిపి మరీ చెప్పింది. ప్రభుత్వం ఆపిన తీరు ఆమె చెప్పినదానికి సరిగ్గా ఎదురు. దాడులు చేయొద్దని కాదు. ఆ రోజే మండల స్థాయిలో మందు తగ్గించే ఏర్పాటు ఉండాలి. అది లేని దాడి, జబ్బును దుకాణం నుంచి ఇంట్లోకి తరలించడమే అవుతుంది.

చోటుకూ కాలానికీ ఇంత బరువు ఇచ్చినందుకు ఒక హెచ్చరిక కూడా చేర్చాలి. ‘ఊరు మార్చు, పనిలో పడు’ అనే సలహా ఇంకో ఊళ్లో బంధువులూ చేతిలో పనీ ఉన్నవాడికి పనికొస్తుంది. అడ్డా మీద నిలబడే కూలీకి, కాంపౌండ్ పక్కనే గుడిసె ఉన్నవాడికి అది ఎగతాళి. అలాంటివాడికి చోటు మార్చలేనప్పుడు, ఆ చోటులోనే ఏడాదిపాటు ఒక తోడు కల్పించాల్సింది ప్రభుత్వం. నెలకోసారి వచ్చి నిద్రెలా పడుతోందని అడిగే ఒక ఆరోగ్య కార్యకర్త, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు తగ్గించే డాక్టరు, ఒకసారి జారినంత మాత్రాన తరిమేయని నియమం చాలు. వీటికి ఆధారం 1948 నుంచీ మన ముందుంది. మనం మాత్రం ఇంకా ఆ పది రోజుల మంచం దగ్గరే ఆగిపోతున్నాం.